ఓడినవాడి గ్లాసు

ఆ కాగితం ఇంకా లినెట్ కోటు జేబులోనే ఉంది.

నిన్న సాయంత్రం అతిథి గదిలో బల్లసొరుగు తెరిస్తే, పాత మ్యాపుల అడుగున దొరికింది. అందులో నాలుగే వాక్యాలు. ‘ఒకసారి తడితే మొదటిది. రెండుసార్లు తడితే రెండోది. మూడుసార్లయితే మూడోది. గ్లాసు మీద అరచెయ్యి కప్పితే ప్రమాదం, తాగకుండా లేచిపోవాలి.’ కింద తొమ్మిదేళ్ల కిందటి తేదీ. దస్తూరి ఆమె భర్త వార్విక్ హేల్‌ది.

దేశంలో వార్విక్ ముక్కుకు ఉన్న పేరు ఇంకెవరి ముక్కుకూ లేదు. అతను గ్లాసు వాసన చూసి పెదవి విరిస్తే ఆ వైన్‌కు ఆయుష్షు తీరినట్టే. ఆ ముక్కు పద్నాలుగు నెలల కిందట ఒక జ్వరంలో చచ్చిపోయిందన్న సంగతి లినెట్ ఒక్కదానికే తెలుసు. అప్పటినుంచి ప్రతి బల్ల దగ్గరా ఆమే పక్కన కూర్చుంటోంది. తను వాసన చూసి ఉంగరపు వేలితో గ్లాసు కాడను తడుతుంది. అతను తీర్పు చెబుతాడు. ఇంకో రెండు వారాల్లో జాతీయ పోటీలకు అతనే పెద్ద జడ్జి.

ఈలోగా కాస్త విశ్రాంతి కావాలని, స్టాన్‌థార్ప్ ఊరు దాటాక బండరాళ్ల మధ్య ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ ద్రాక్షతోటకు వచ్చారు. తోట యజమానురాలు రొసాల్బా స్పాదారో తనే ఉత్తరం రాసి పిలిచింది. ఆరు రోజులు ఉండండి, తినండి, తిరగండి, చలిమంట దగ్గర కూర్చోండి అని. ఐదు రోజులు హాయిగానే గడిచాయి. రెండే రెండు సంగతులు లినెట్‌కు నచ్చలేదు. ఒకటి, వార్విక్ కూర్చుని రాసుకునే గదిలోంచి వచ్చే కుళ్లు కంపు. రెండు, గురువారంనాడు వెనక షెడ్డులో చూసిన మూడు తాళాల బీరువా. దాని సందులోంచి వెల్లుల్లి మాడినట్టు ఒక ఘాటు ముక్కుకు తగిలింది. రొసాల్బా మరిది డీనో పరుగున వచ్చి ఆమెను చెయ్యి పట్టుకుని లాగేశాడు.

“అది ఎప్పటిదో పురుగులమందు తల్లీ! ఇప్పుడు అమ్మడం లేదు. అది ముట్టుకుంటే మీ ఆయన రెండో పెళ్లికి కోటు కుట్టించుకోవాల్సిందే,” అని నవ్వాడు.

ఇదీ నిన్నటిదాకా సంగతి. ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం భోజనానికి చుట్టుపక్కల తోటలవాళ్లు పదిమంది వస్తున్నారు. భోజనానికి ముందు ఆట.

వార్విక్ తను రాసుకునే గదిలో అద్దం ముందు మెడకు మఫ్లర్ చుట్టుకుంటున్నాడు.

“నీకు వాసన పోయింది సరిగ్గా ఎప్పుడు?” అని అడిగింది లినెట్.

“మళ్లీనా? కిందటేడు మే నెలలో. నా నుదుటి మీద తడిగుడ్డ వేసింది నువ్వే కదా. మర్చిపోయావా?”

“మర్చిపోలేదు. గ్వెన్ మానేసిన నెలకి.”

మఫ్లర్ ముడి వేస్తున్న చేతులు ఒక్క క్షణం ఆగాయి. ఒక్క క్షణమే.

గ్వెన్ అతని కార్యదర్శి. ఎనిమిదేళ్లు ప్రతి పోటీలోనూ అతని పక్క కుర్చీలో కూర్చున్న మనిషి. ఒకరోజు చెప్పాపెట్టకుండా మానేసింది. నెల తిరక్కుండా వార్విక్‌కు జ్వరం వచ్చింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచన ఇన్నాళ్లూ లినెట్‌కు రాలేదు.

“చూడు,” అన్నాడు వార్విక్ అద్దంలోంచే. “నువ్వు ఆలోచించకు. అది నీకు పడదు. వాసన చూడు, వేలు కదుపు. నీకు వచ్చిన పని అదొక్కటే. అదైనా సరిగ్గా చెయ్యి.” గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. “ఆహా! ఈ గదిలో గాలి ఎంత శుభ్రంగా ఉందో. నా వ్యాసం మొదటి వాక్యం ఇదే.”

కుళ్లు కంపుకు లినెట్ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

*

వంటింట్లో రొసాల్బా ఒంటరిగా ఉంది. అరవయ్యేడేళ్ల మనిషి. ముంజేతులదాకా పిండి. ఉడికించిన బంగాళాదుంపల ముద్దను తాడులా సాగదీసి, కత్తితో టకటకా ముక్కలు కోస్తోంది.

లినెట్ కాగితం తీసి ఆ పిండిలోనే పెట్టింది.

“ఇది నాకు దొరకాలనే అక్కడ పెట్టారు కదా?”

“మూడు రోజులైంది పెట్టి,” అంది రొసాల్బా తలెత్తకుండా. “ముక్కు చురుకైనవాళ్లకు కళ్లు మందంగా ఉంటాయి కాబోలు అనుకున్నాను.”

“ఇది ఎవరికి రాశాడు?”

“నా కూతురికి. నెరీనా. అప్పుడు దానికి ఇరవైమూడు. ఇక్కడి పోటీల్లో మీ ఆయన బల్ల దగ్గర గ్లాసులు అందించే పని. ఆయనగారి కార్యదర్శికి ఆ వారం ఒంట్లో బాగాలేదట. మా పిల్ల ముక్కు మంచిదని ఎవరో చెబితే, పక్కకు పిలిచి ఈ చీటీ ఇచ్చాడు. ‘ఇది గొప్పవాళ్ల రహస్యం, ఎవరికీ చెప్పకు’ అన్నాడట. పిచ్చిది, పొంగిపోయింది.”

కత్తి ఆగలేదు.

“ఆ ఏడాది చుట్టుపక్కల కొండలన్నీ కాలిపోయాయి. మూడు వారాలు పొగ ద్రాక్షగుత్తుల మీదే కూర్చుంది. పొగ పట్టిన పండు కోసేటప్పుడు తెలియదు, పిండేటప్పుడూ తెలియదు. వైనయ్యాక, తాగేవాడి గొంతులో బూడిదై లేస్తుంది. అందుకే మాకు భయం. మా ఆయన కార్మెలో వైన్‌కు ఏమీ కాలేదు. మా గుట్ట గాలి వచ్చే వైపున ఉంది, పొగ ఇటు తిరగలేదు. అయినా ఆయన తన నాలుకను నమ్మలేదు. ‘హేల్ చెప్పనీ, అప్పుడు నమ్ముతాను’ అన్నాడు.”

“హేల్ ఏం చెప్పాడు?”

“నా కూతురు ఒకసారే తట్టింది. అంటే శుభ్రం. బల్ల దగ్గర ఇంకో ఇద్దరు జడ్జీలు కూడా శుభ్రమే అన్నారు. మీ ఆయన లేచి నిలబడి, పొగ అన్నాడు. ‘చల్లారిన కుంపటిని నాకినట్టుంది’ అన్నాడు. మర్నాడు పత్రికలో అదే అచ్చయింది. మిగతా ఇద్దరికీ దొరకని పొగను పట్టుకున్న మొనగాడైపోయాడు. ఆ ఒక్క వాక్యంతోనే ఆయన ఇంతవాడయ్యాడు, అమ్మాయ్. శుభ్రమని తెలియక కాదు, తెలిసీ కాదని అలా అన్నాడు. పేరు కోసం.”

రొసాల్బా కోసిన ముక్కలను పళ్లెంలోకి తోసింది.

“కార్మెలో ఆ రోజే నాలుగు ట్యాంకుల కుళాయిలూ తిప్పేశాడు. వాగు మూడు రోజులు ఎర్రగా పారింది. మూడో వారం ట్రాక్టరు తోలుకుంటూ చెరువులోకి దిగాడు. ట్రాక్టరును బయటికి తీశాం, ఇప్పటికీ నడుస్తోంది. నువ్వు రోజూ వింటున్న చప్పుడు దానిదే.” రొసాల్బా చేతులు దులుపుకుంది. “నెరీనా నిజం చెబితే ఎవరు నమ్ముతారు? హేల్‌కు ముక్కు లేదంటే ఊరంతా నవ్వింది. ఇప్పుడది టాస్మేనియాలో చేపల ఓడ మీద పనిచేస్తోంది. చేపల కంపు అబద్ధం చెప్పదమ్మా అంటుంది.”

“నన్నేం చెయ్యమంటారు?”

“ఏమీ వద్దు. నేను ఒక పీపా గడ్డిమోపుల వెనక దాచాను. కార్మెలోకు కూడా తెలియదు. ఇవాళ మూడో సీసా అదే. ఒకసారి తట్టావనుకో, తను చంపిన వైన్‌ను తన నోటితోనే శుభ్రం అంటాడు. రెండుసార్లు తట్టావా, ఇంతమంది ముక్కున్నవాళ్ల ముందు ముక్కులేనివాడైపోతాడు. అరచెయ్యి కప్పితే లేచి తప్పించుకుంటాడు. మూడు దారులూ తెరిచే ఉంచాను. వేలు నీది.”

రొసాల్బా గుమ్మం దాటబోతూ ఆగింది.

“అన్నట్టు, నువ్వు తేయాకు రుచి చూసే కంపెనీలో పనిచేసేదానివట కదా. నిన్ను ఎలా ఎంచుకున్నాడు?”

ఆరేళ్ల కిందట ఒక విందులో లినెట్ కళ్లకు గంతలు కట్టుకుని ఏడు రకాల తేయాకులను వాసనతోనే చెప్పింది. చప్పట్లు కొట్టినవాళ్లలో అందరికంటే గట్టిగా కొట్టినవాడు ఆ వారమే పెళ్లి ప్రస్తావన తెచ్చాడు. జీవితంలో తనను చూసి మనసు పారేసుకున్నవాడు ఒక్కడున్నాడని ఆరేళ్లుగా మురిసిపోతోంది.

గ్వెన్ ఎప్పటికైనా మానేస్తుందని ముందే తెలిసి, ఇంట్లో ఇంకో ముక్కు తెచ్చిపెట్టుకున్నాడన్నమాట.

*

పొడుగాటి బల్ల వరండాలో వేశారు. మంచు కరిగి, ఎండ పలచగా కాస్తోంది. సగానికి కోసిన ఇనుప డ్రమ్ములో, కత్తిరించిన ద్రాక్షకొమ్మల నిప్పుల మీద గొర్రెమాంసం కాలుతోంది. పొగ ముక్కులకు అడ్డురాకూడదని ఆట అయ్యేదాకా డ్రమ్మును షెడ్డు అవతలికి జరిపించింది రొసాల్బా.

ఆట అందరికీ తెలిసిందే. పేరు కనబడకుండా మేజోడు తొడిగిన సీసాలోంచి తలా కాస్త పోస్తారు. ఇంటివాళ్లు ఒక ప్రశ్న వేసి మూడు జవాబులిస్తారు. అందరూ నిలబడి ఆడాలి. తప్పు చెప్పినవాడు కూర్చోవాలి. ఈ ఇంట్లో ఇంకో నియమం కూడా ఉంది. చివరి ప్రశ్నకు తప్పు చెప్పినవాడు, ఇంటావిడ ఏం పోస్తే అది గుక్కతిప్పుకోకుండా తాగాలి. దాన్ని ఓడినవాడి గ్లాసు అంటారు. కార్మెలో ఉన్న రోజుల్లో అందులో ఊరగాయ నీళ్లు పోసేవాడట.

“మొదటిది,” అంది రొసాల్బా. “మన కొండదా, పక్క లోయదా, సముద్రం అవతలిదా?”

ఆటలో చేరకుండా వార్విక్ పక్క కుర్చీలో కూర్చున్న లినెట్ వేలు మూడుసార్లు కదిలింది.

“సముద్రం అవతలిది,” అన్నాడు వార్విక్ కళ్లు మూసుకుని. “ఆ ఉప్పుగాలి తెలియడం లేదూ?”

ఐదుగురు కూర్చుండిపోయారు. వాళ్లలో డీనో ఒకడు.

“పదిహేనేళ్లుగా మొదటి ప్రశ్నకే కూర్చుంటున్నావు కదరా, ఇక నిలబడటం ఎందుకు?” అంది పక్క ఆపిల్ తోట మేవిస్. డెబ్బై ఏళ్లు, మాట సూదిపోటు.

“కాళ్లకు వ్యాయామం అత్తా!”

రెండో సీసా. ఎన్నేళ్లదో చెప్పాలి. రెండు తట్లు. వార్విక్ గెలిచాడు. ఇంకో ఐదుగురు కూర్చున్నారు. ఇక నిలబడింది వార్విక్, మేవిస్ ఇద్దరే.

“ఏమయ్యా హేల్, నీ ముక్కును ఏ బ్యాంకు లాకరులో పెడతావు?” అంది మేవిస్.

“ఇది లాకరులో పెట్టేది కాదమ్మా, పుట్టుకతో రావాలి,” అన్నాడు. బల్లంతా నవ్వింది. లినెట్ నవ్వలేదు.

మూడో సీసా వచ్చింది. రొసాల్బా తనే పోసింది.

“ఆఖరిది. ఇది శుభ్రంగా ఉందా, పొగ పట్టిందా, బిరడా కుళ్లిందా?”

లినెట్ గ్లాసు ఎత్తింది. తొమ్మిదేళ్లు చీకట్లో ఎదురుచూసిన వైన్ ఒక్కసారిగా గుప్పుమంది. నల్లచెర్రీలు, ఎండిన పూలు, తొలివానకు తడిసిన బండరాయి. మచ్చయినా లేదు. చచ్చిపోయినవాడు నవ్వుతూ గది లోపలికి వచ్చినట్టుంది.

“శుభ్రం,” అంది మేవిస్ వెంటనే. ఆమె కళ్లు చెమర్చాయి. “ఎవరిదో గానీ, దీన్ని పిండినవాడి చెయ్యి ముద్దుపెట్టుకోవాలి.”

వార్విక్ గ్లాసును గుండ్రంగా తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు సగం మూసి, ఆ సందులోంచి భార్య వేలికేసి చూశాడు.

అరచెయ్యి కప్పితే చాలు. తలనొప్పి అని లేచిపోతాడు. సాయంత్రానికి బ్రిస్బేన్ చేరతారు. రెండు వారాల్లో అతను పెద్ద కుర్చీలో కూర్చుంటాడు, పక్కన చిన్న కుర్చీలో తను. జీవితాంతం వేలు కదుపుతూ.

టిక్. టిక్.

“పొగ,” అన్నాడు వార్విక్. ఆ స్వరంలో సందేహం ఇసుమంతైనా లేదు. “క్షమించాలి మేవిస్ గారూ, మీది మంచి మనసు, ముక్కు మాత్రం కాదు. దీన్ని పారబొయ్యడమే మర్యాద. చల్లారిన కుంపటిని నాకినట్టుంది.”

షెడ్డు వెనక నిప్పుల చిటపట వినిపించింది.

“ఏం వాసన చూస్తున్నావయ్యా నువ్వు?” అంది మేవిస్, నిజంగానే అర్థంకాక.

రొసాల్బా మేజోడు లాగేసింది. చీటీ లేని సీసా. దాని మీద సుద్దతో ఒకటే పేరు రాసి ఉంది: కార్మెలో.

“ఇదే మాట, పొల్లుపోకుండా,” అంది. “తొమ్మిదేళ్ల కిందటా ఇదే అన్నారు. అప్పుడు కనీసం నిజం తెలిసి అబద్ధమాడారు. ఇవాళ అదీ లేదు. డీనో, అతిథి గారికి ఆ గోనెసంచి చూపించు.”

డీనో సంచి తెచ్చి వరండా మెట్ల మీద గుమ్మరించాడు. పిల్లి అంత ఉన్న పాసమ్ అనే చెట్టు జంతువు కళేబరం. చచ్చి పది రోజులైనా అయ్యుంటుంది. బల్ల దగ్గరివాళ్లు ముక్కులు మూసుకుని వెనక్కు జరిగారు. వార్విక్ కదల్లేదు, ఎందుకు జరగాలో అతనికి తెలియలేదు.

“మీరు వచ్చే ముందురోజు మీ రాతబల్ల కింద నేలచెక్క ఎత్తి దీన్ని పెట్టాను,” అంది రొసాల్బా. “రోజూ పొద్దున కాఫీ తెచ్చినప్పుడల్లా అడిగేదాన్ని, గది ఎలా ఉందండీ అని. ‘గాలి ఎంత శుభ్రంగా ఉందో’ అనేవారు. మీ వ్యాసంలో కూడా రాశారట. దీని గురించేనా ఆ వాక్యం?”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు బల్ల పొడుగునా పాకింది. అందులో జాలి లేదు.

వార్విక్ మొహం సున్నం కొట్టినట్టయింది. అయినా రొసాల్బా వైపు తిరగలేదు. లినెట్ వైపు తిరిగాడు.

“మొద్దు!” అన్నాడు. “ఒక్క పని. చేతకాలేదు. శుభ్రానికీ పొగకూ తేడా తెలియదా నీకు?” అందరికీ వినబడేలా గొంతు పెంచాడు. “అవును, దీని ముక్కుతోనే లాక్కొస్తున్నాను, ఏం? వేటగాడు కుక్కను పెంచుకోడా? పేరు వేటగాడిదా, కుక్కదా? టీపొడి మూటల మధ్య నుంచి తెచ్చి, మహారాణిలా పక్కన కూర్చోబెట్టాను. ఆఖరికి ఇదీ బుద్ధి.”

అప్పుడు లినెట్‌కు ఒక సంగతి తట్టింది. తను కావాలనే తప్పు తట్టిందని అతను అనుకోవడం లేదు. అంత తెలివి, అంత తెగువ తనకుంటాయని అతని ఊహకే అందడం లేదు.

“రూలు రూలే హేల్ గారూ,” అన్నాడు డీనో, గేటు గొలుసు తాళంచెవిని వేలికి తిప్పుతూ. “ఓడినవాడి గ్లాసు తాగాకే బండి కదిలేది.”

“పొయ్యండి,” అన్నాడు వార్విక్ పళ్లు బిగించి. “తాగి పోతాను. ఆ తరువాత మీ అందరికీ నా లాయరు ఉత్తరాలు రాస్తాడు.”

రొసాల్బా ముందే పోసి ఉంచిన గ్లాసు ఒకటి వంటింట్లోంచి తెచ్చింది. నల్లని వైన్, నిండుగా. అతని ముందు పెట్టింది. ఇంకెవరి ముందూ పెట్టలేదు.

“ఇది మీ ఒక్కరికే. కార్మెలో పేరు చెప్పుకుని తాగండి.”

గాలి అటునుంచి ఇటు వీచింది. లినెట్ ముక్కుపుటాలు అదిరాయి. వైన్ తియ్యదనం అడుగున ఇంకేదో ఉంది. పలచగా ఉన్నా పొరబడే అవకాశం లేదు. వెల్లుల్లి మాడిన ఘాటు. మూడు తాళాల బీరువా.

పాసమ్ కంపుకు ముక్కులు మూసుకున్న ఆ పదిమందిలో ఎవరికీ అది తెలియలేదు. డీనో ఇంకా తాళంచెవి తిప్పుకుంటూ నవ్వుతున్నాడు. అతనికీ తెలియదు. రొసాల్బా మాత్రం నవ్వడం లేదు. లినెట్ కళ్లలోకి సూటిగా చూస్తోంది. మూడు దారులూ తెరిచే ఉంచాను అన్నప్పటి చూపే అది.

వార్విక్ గ్లాసు ఎత్తాడు. పెదవులదాకా తెచ్చి ఆగాడు. పద్నాలుగు నెలల అలవాటు. ఇన్ని తిట్లు తిట్టిన తరువాత కూడా అతని కళ్లు వాటంతటవే ఆమె చేతికేసి తిరిగాయి. ఈ లోకంలో అతనికి ఉన్న ముక్కు అదొక్కటే మరి.

లినెట్ ముందు ఖాళీ గ్లాసు ఉంది. దాని మీద అరచెయ్యి కప్పడానికి అరక్షణం చాలు.

ఆమె చెయ్యి ఒళ్లోంచి పైకి వచ్చింది. గ్లాసు అంచు దాకా వచ్చింది. అక్కణ్ణుంచి మెల్లగా కాడ దగ్గరికి జారింది. ఉంగరపు వేలు లేచింది.

టిక్.

ఒక్కసారే.

శుభ్రం అనుకున్నాడు వార్విక్. గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు.